అవ్వ మొక్కుబడి పుంజు, నా గద్ద రిజిస్టరు

1995 ఆగస్టు 12, శనివారం. ఎండ, సముద్రం వైపు నుంచి గాలి. హాజరైనవారు: అవ్వ, మామ, అత్త, నేను, వన్యప్రాణుల ఆఫీసుల నుంచి ఇద్దరు అధికారులు (ఆఫీసుకు ఒకరు), పసుపు నీళ్ళతో స్నానం చేయించిన మొక్కుబడి పుంజు, ఒకటి, ఏటి అవతల నీలగిరి చెట్టు మీద గద్ద, ఒకటి.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ అన్యాయాన్నైనా స్కేలు పెట్టి గడులు గీసి, తేదీ వేసి, కింద సంతకం చేసి సరైన ఆఫీసులో అందజేస్తే చాలు, ప్రభుత్వం లేచి కూర్చుని దాన్ని చక్కబెడుతుందని. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. (ఇప్పుడు రిటైరై డర్బన్ పక్కన ఖర్వాస్తాన్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. గడులు గీయడం మానలేదు. నమ్మకమే కాస్త సన్నగిల్లింది.) పద్నాలుగో ఏట మొదలుపెట్టిన డైరీ ఇంతవరకు ఒక్క రోజు తప్పలేదనీ, అందులో ఒక్క అబద్ధం లేదనీ నేను ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతుంటాను. అందుకే ఈ గద్ద విషయంలో జరిగిన అన్యాయాన్ని కూడా ఉన్నదున్నట్టు చెప్పగలను. ఇన్నేళ్ళైనా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

గోదావరి జిల్లాలో ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో మూడేళ్ళు పనిచేసి, ఆ ఏడాది జనవరిలో డర్బన్‌కు ఉత్తరాన, చెరకు తోటల మధ్య ఉన్న ఒక చిన్న ఊరికి మిల్లు కెమిస్టుగా వచ్చాను. క్వార్టర్సు రెండు వారాల్లో ఇస్తామన్నారు. అంతవరకు ఉండమని మిల్లు కాటా దగ్గర పనిచేసే ఒకాయన తన ఇంటి వెనక గది ఇచ్చాడు. తెలుగువాళ్ళు, ముత్తాతల నాడు చెరకు కోతకు ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఆయన్ని మామ అన్నాను, ఆయన భార్యని అత్త అన్నాను, ఆయన తల్లిని ఊరంతా పిలిచినట్టే అవ్వ అన్నాను. రెండు వారాలు కాస్తా ఏడు నెలలయ్యాయి. మామకు తెలుగులో వరసలూ, వంటకాల పేర్లూ, తిట్లూ వచ్చు, మిగతాదంతా ఇంగ్లీషే. అవ్వ మాత్రం తెలుగే మాట్లాడేది. అందులో జూలూ ఎక్కడ కలిసిందో, మిల్లుల్లో పుట్టిన ఫనకలో అనే కలగాపులగం భాష ఎక్కడ కలిసిందో ఆవిడకూ తెలియదు. నన్ను దేశం అబ్బాయ్ అని పిలిచేది. వాళ్ళకు దేశమంటే ఇండియా. ఆ ఇంట్లో ఎవరూ చూసింది లేదు.

పెరట్లో అవ్వకు ఇరవై దాకా కోళ్ళుండేవి. పెరటి చివర చిన్న ఏరు, ఏటి అవతల పెద్ద నీలగిరి చెట్లు. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటుంటే గాలి విసురుగా తగిలింది, కళ్ళెత్తేసరికి పెరటి మధ్యలో నా మోకాలెత్తున్న గద్ద ఒక పెట్ట మీద నిలబడి ఉంది. తెల్లటి రొమ్ము, బూడిద రంగు వీపు, తల మీద కుచ్చు, మచ్చల కాళ్ళు, ఆ కాళ్ళకు నా బొటనవేలంత గోళ్ళు. నేను అరుచుకుంటూ చెప్పు విసిరాను. (తగల్లేదు. ఇంతవరకు నేను విసిరింది దేనికీ తగల్లేదు.) అవ్వ ఏం చేసిందనుకున్నారు? చేతిలో చీపురు కింద పెట్టి, కొంగు భుజం మీదికి లాక్కుని, చెంపలు వేసుకుని, రెండు చేతులూ జోడించి, గోవిందా అంది. గద్ద పెట్టను తీసుకుని తాపీగా ఏరు దాటి వెళ్ళిపోయింది.

ఆవిడ లెక్కలో అది గరుడుడు. గరుడుడికి తెల్ల రొమ్ము ఉంటుందని, శనివారం పూట కనబడితే పుణ్యమని ఆవిడకు వాళ్ళ అవ్వ చెప్పింది, ఆవిడకు ఓడ దిగిన అవ్వ చెప్పింది. దేశం నుంచి ఇంత దూరం మోసుకొచ్చిన మాట అది. దానికి సరిపోయే పక్షి ఈ నేల మీద ఇదొక్కటే కనబడింది. నేను ఊరుకోలేదు. అవ్వా, నేను దేశంలో గరుడుణ్ణి వందసార్లు చూశాను, ఇంతే ఉంటాడు, చేపలూ కప్పలూ తింటాడు, ఇది వట్టి కోళ్ళ దొంగ అని చేత్తో కొలత చూపించి మరీ చెప్పాను. అవ్వ నా చేతుల మధ్య దూరాన్ని జాలిగా చూసింది.

"దేశంలో తిండి తక్కువ కదా అబ్బాయ్. మీ గరుడుడు బక్కోడు."

ఆ తర్వాత గద్ద వారానికోసారి రావడం, పెట్టనో పిల్లనో తీసుకుపోవడం, అవ్వ దండం పెట్టడం, నేను చెప్పు విసరడం ఇంటి అలవాటైపోయింది. మామ ప్రతి ఆదివారం పొద్దున్నే కోళ్ళ దొడ్డి మీద వల కప్పేద్దామనేవాడు. సముద్రం ఒడ్డున ఇసిపింగో అనే ఊళ్ళో మామ బావమరిది చేపల వలలు లాగేవాడు, పాత వల ఒకటి ఇస్తానన్నాడు. ఎవరూ వెళ్ళి తేలేదు. నిజం చెప్పాలంటే అడ్డుపడింది నేనే. దొంగ బయట తిరుగుతుంటే ఇంట్లోవాళ్ళు జైలు కట్టుకుని కూర్చోవడమేమిటని మామతో వాదించాను. న్యాయం కోళ్ళ పక్షాన ఉంది, న్యాయాన్నే అడుగుదామన్నాను.

కోళ్ళలో ఒకటి మాత్రం అన్నిటిలాంటిది కాదు. ఎర్రటి పుంజు, అవ్వ దాన్ని ఓటుగాడు అనేది. దాని కథ అత్త నాకు చెప్పింది. అంతకు ముందు ఏడాది, రంగు చూడకుండా అందరికీ ఓటు ఇచ్చిన మొదటి ఎన్నికల ముందు, మా నటాల్ ప్రాంతంలో ఎన్ని ఇళ్ళు కాలిపోయాయో, ఎంతమంది పనికి వెళ్ళి తిరిగి రాలేదో అందరికీ తెలిసిందే. ఏప్రిల్‌లో ఓటు వేసే రోజున అవ్వ, మామ, అత్త తెల్లవారక ముందే వెళ్ళి స్కూలు దగ్గర లైనులో నిలబడ్డారు. లైను చెరకు తోట చివరిదాకా ఉంది. మొదటిసారి ఓటు వేయబోతున్న అవ్వకు డెబ్బై దాటాయి. పొద్దెక్కేకొద్దీ ఎక్కడో కాల్పులని ఒకరు, బాంబులని ఇంకొకరు చెప్పుకుంటుంటే, ఆవిడ లైనులోనే కళ్ళు మూసుకుని గంగమ్మకు మొక్కుకుంది: మమ్మల్ని ముగ్గురినీ ఇంటికి చేర్చు తల్లీ, మా ఇంట పుట్టిన పుంజు నీది, కొన్నది కాదు, ఇంటిదే. సాయంత్రం ముగ్గురూ క్షేమంగా ఇంటికి వచ్చేసరికి పొదిగే పెట్ట కింద ఒక గుడ్డు పగిలి పిల్ల బయటపడి ఉంది. అదే ఓటుగాడు. ఏడాదికోసారి జరిగే గంగమ్మ జాతరను వాళ్ళు కొలువు అంటారు; ఆ ఏడాది కొలువు నాటికి వాడింకా పిల్లపుంజు, ఇవ్వడానికి పనికి రాలేదు. ఈ ఏడాది గంగమ్మ కొలువు ఆగస్టు పదమూడు, ఆదివారం. ఆ రోజుదాకా ఓటుగాడు బతికి ఉండాలి, అవ్వ మొక్కు తీరాలి. ఇంట్లో అందరికీ ఇదే ధ్యాస. అవ్వ మిగతా కోళ్ళను గరుడుడికి సంతోషంగా వదిలేసింది గాని ఓటుగాడి విషయానికి వచ్చేసరికి ఆవిడ గొంతు మారేది.

"ఆయన వాహనం ఆయన కోడి తినొచ్చు. ఇది అమ్మది. ఒకరి వంతు ఒకరు తింటే ఇద్దరూ నన్నే అడుగుతారు."

అప్పుడే నేను రిజిస్టరు తెరిచాను. మిల్లు ల్యాబులో వాడే అట్ట బైండు పుస్తకం, ఇంగ్లీషులో ఎనిమిది గడులు: వరస సంఖ్య, తేదీ, వేళ, వచ్చిన దిక్కు, తీసుకున్న జీవి, సాక్షులు, ముందు జాగ్రత్తలు, రిమార్కులు. మిల్లులో షిఫ్టు లేనప్పుడల్లా అరుగు మీద కూర్చుని ఏటి అవతలి చెట్టును కూడా గమనించాను. మామ దగ్గర పాత బైనాక్యులర్స్ ఉండేవి, గుర్రప్పందేలకు కొన్నవి. గద్ద మా కోడిని తెచ్చుకున్న రోజే కాదు, కోతిపిల్లను తెచ్చుకున్నా, రాళ్ళ సందుల్లో ఉండే డస్సీ అనే కుందేలంత జంతువును తెచ్చుకున్నా, ఆఖరికి ఖాళీ కాళ్ళతో వచ్చినా రాశాను. నేరస్థుడి నడవడిక పూర్తిగా తెలియాలి కదా. రిమార్కుల గడిలో "అవ్వ నమస్కరించింది" అని ప్రతిసారీ రాయాల్సి వచ్చింది. రాయకపోతే రికార్డు అసంపూర్ణం అవుతుంది.

ఇక ఆఫీసుల సంగతి. ఆ పక్షిని చంపడమే కాదు, పట్టుకోవడం, గూడు కదిలించడం, తరమడం కూడా పర్మిట్టు లేకుండా చేస్తే నేరమని మొదటి ఉత్తరానికే జవాబు వచ్చింది. సరే, పర్మిట్టు ఇవ్వండి, చట్ట ప్రకారం మీరే వచ్చి పట్టుకెళ్ళండి అని రాశాను. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. ఓట్ల తర్వాత ఇక్కడ ప్రభుత్వం మారింది గాని ఆఫీసులు ఇంకా కలవలేదు. ఏటికి ఇవతల పాత ప్రావిన్సు ఆఫీసు, అవతల పాత జూలూ ప్రాంతపు ఆఫీసు. ఇవతలి ఆఫీసు, గూడు అవతల ఉంది కాబట్టి పక్షి వాళ్ళది, వాళ్ళనే అడగండి అంది. అవతలి ఆఫీసు, కోళ్ళు పోయింది ఇవతల కాబట్టి నష్టం వాళ్ళ పరిధిలోది, వాళ్ళనే అడగండి అంది. గద్దకు చెయ్యి తగిలితే మాత్రం రెండు ఆఫీసులూ కేసు పెడతాయట. కాపాడటానికి ఇద్దరిదీ, జవాబు చెప్పడానికి ఎవరిదీ కాదు. నేను ఇక్కడ ఉద్యోగం చేయడానికి ఛాతీకి ఎక్స్-రే తీయించుకుని, పోలీసు స్టేషన్లో పది వేళ్ళ ముద్రలు వేసి, ఏడాదికోసారి పర్మిట్టు కోసం క్యూలో నిలబడాల్సి ఉంటే, ఆ గద్ద బుద్ధి పుట్టినప్పుడల్లా సరిహద్దు దాటి వచ్చి పనిచేసుకుపోతోంది. ఈ మాట కూడా ఉత్తరంలో రాశాను. (రాయకుండా ఉండాల్సింది. మామ చదివి, నిన్ను పంపించేస్తారు బాబూ అన్నాడు.)

మొత్తం పదకొండు ఉత్తరాలు. ఈలోగా ముందు జాగ్రత్తగా నా పాత ల్యాబు కోటు తొడిగి ఒక దిష్టిబొమ్మ నిలబెట్టాం. మర్నాడే గద్ద వచ్చి దాని భుజం మీద కూర్చుంది. నా కోటు, జేబు మీద నా పెన్ను మరక, భుజం మీద నా శత్రువు. అత్త గుమ్మంలోంచి చూసి, పడిపడి నవ్వి, అచ్చం నీ భుజం మీద కూచున్నట్టే ఉంది బాబూ అంది. ఆ రోజు గద్ద ఏ కోడినీ తీసుకోలేదు. కూర్చోవడానికే వచ్చినట్టుంది.

ఎలాగైతేనేం, ఆగస్టు పన్నెండున రెండు ఆఫీసులూ కలిసి తనిఖీకి వస్తామని ఉత్తరం వచ్చింది. కొలువుకు ఒక రోజు ముందు. అవ్వకు ఆ రోజు వేరే పనులున్నాయి. మొక్కుబడి పుంజుకు ముందు రోజు పసుపు నీళ్ళతో స్నానం చేయించాలి, ఎండలో ఆరబెట్టాలి, పసుపు రాసిన నూలు తాడుతోనే కట్టాలి, ఇంకే తాడూ పనికిరాదు. పొద్దున్న తొమ్మిదిన్నరకు ఓటుగాడు బంగారు రంగులో మెరుస్తూ పెరటి మధ్య మేకుకు కట్టబడి, రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాడు. అవ్వ కర్ర పుచ్చుకుని పక్కనే ముక్కాలిపీట మీద కూర్చుంది. పది గంటలకు ఇద్దరు అధికారులు వచ్చారు. ఇవతలి ఆఫీసాయన తెల్లాయన, వయసు మళ్ళినవాడు, పొట్టి నిక్కరు, మోకాళ్ళదాకా మేజోళ్ళు. అవతలి ఆఫీసాయన జూలూ, నా వయసువాడు, ఇస్త్రీ చొక్కా, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, తక్కువ మాట్లాడతాడు. వచ్చినవాళ్ళకు టీ ఇవ్వకుండా కూర్చోబెట్టడం అవ్వ జన్మలో చేయని పని. లేచి కర్ర నా చేతికిచ్చింది.

"టీ తెచ్చేదాకా ఓటుగాణ్ణి సూసుకో. కన్ను తియ్యకు."

సరే అవ్వా అన్నాను. ఈ మాట కూడా డైరీలో ఉంది.

కర్ర పట్టుకునే ఉన్నాను, ఒట్టు. కానీ అరుగు మీద మేజోళ్ళాయన నా రిజిస్టరు తెరిచాడు. తెరిచి, మొదటి పేజీ చదివి, రెండో పేజీ చదివి, కళ్ళద్దాలు మార్చుకున్నాడు. అద్భుతం అన్నాడు. నాకు గుండె పొంగింది. ఐదు నెలలుగా ఒక గూటి దగ్గర తిండి వివరాలు వేళలతో సహా ఇంత శుభ్రంగా రాసినవాళ్ళను తన సర్వీసులో చూడలేదన్నాడు. ఇది ఎగరడం నేర్చుకుని ఏడాది నిండని పిల్ల, పెద్దయ్యాక ఈ తెల్ల రొమ్ము ఉండదు, అడవిలో సొంతంగా వేటాడటం ఇంకా పూర్తిగా చేతకాదు, అందుకని తేలిగ్గా దొరికే చోటికి తిండికి వస్తుంది, చేతనైన రోజున దానంతటదే పోతుంది అని చెప్పాడు. టీ పళ్ళెంతో వచ్చిన అత్త ఈ మాట విని, రెండు వారాలకని వచ్చి ఏడు నెలలుగా మూడు పూటలా భోంచేస్తున్న నా వైపు చూస్తూ పళ్ళెం కింద పెట్టింది.

తర్వాత ఆయన అదే గొంతుతో, అంతే మర్యాదగా, పర్మిట్టు ఇవ్వడం కుదరదన్నాడు. ఎందుకంటే మీ రిజిస్టరే ఒప్పుకోవడం లేదన్నాడు. ఏడో గడి చూడండి: ముందు జాగ్రత్తలు, లేవు, ముందు జాగ్రత్తలు, లేవు, ముందు జాగ్రత్తలు, దిష్టిబొమ్మ ఒకటి. అది జాగ్రత్త కాదు, పక్షికి కుర్చీ. చట్ట ప్రకారం ముందు దొడ్డి మీద వల కప్పాలి, అది చేశాక కూడా నష్టం జరిగితే అప్పుడు మాట్లాడదాం. పైగా దాని తిండిలో మీ కోళ్ళు చాలా తక్కువని మీరే రాశారు, ఎక్కువగా డస్సీలూ కోతులే.

నేను నిజాయితీగా రాసిన ప్రతి గడీ ఎదుటి పక్షానికి సాక్ష్యమైంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. నాలుగు అడుగులు అరుగు వైపు వేశాను, కర్ర చంకలో పెట్టుకుని రిజిస్టరు లాక్కున్నాను, పెరటికి వీపు పెట్టి మే నెల పేజీ గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఒక్క మే నెలలోనే నాలుగు పెట్టలు, ఇది తక్కువా, ఇది మీకు తక్కువా అని అడుగుతున్నాను. జూలూ ఆయన అప్పటిదాకా టీ తాగుతూ కూర్చున్నవాడు కప్పు కింద పెట్టి నా భుజం మీంచి చూశాడు. మేజోళ్ళాయన కూడా చూశాడు. వాళ్ళ ముఖాలు చూసి నేను వెనక్కి తిరిగేసరికి పసుపు తాడు మేకు దగ్గర తెగి ఉంది. బంగారు రంగు పుంజును పట్టుకున్న తెల్ల రొమ్ము గద్ద ఏరు దాటుతోంది.

ఎంత దర్జాగా దిగింది అన్నాడు మేజోళ్ళాయన, తనలో తానే. తర్వాత నా వైపు తిరిగి, టైము రాసుకున్నారా అని అడిగాడు. ప్రభుత్వం తరఫున ఇద్దరు సాక్షుల ఎదుట నేరం జరిగితే ప్రభుత్వం అడిగింది అదీ. (పది నలభై. రాశాను. రాసినందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం.)

అవ్వ వంటింటి గుమ్మంలో భజ్జీల గిన్నెతో నిలబడి ఉంది. అలవాటు చొప్పున గిన్నె కింద పెట్టింది, చేతులు జోడించబోయి, మధ్యలో ఆగిపోయింది. నాకు బాగా గుర్తు, ఆ చేతులు కలవలేదు. మేకు దగ్గరకు వెళ్ళి తెగిన తాడు చుట్టుకుని నడుముకు దోపుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది, తిట్లకు ఆ ఇంట్లో కొరత లేదు. మామ మాత్రం తెలుగులో తనకొచ్చిన మాటలన్నీ నా మీద వాడేశాడు. జూలూ ఆయన ఇదేమిటని అవ్వను జూలూలో అడిగాడు, అవ్వ జూలూలోనే చెప్పింది. చాలాసేపు చెప్పింది. నాకు అర్థం కాలేదు గాని మధ్యలో ఓటు అన్న మాట రెండుసార్లు వినబడింది. ఆయన తల వంచుకుని విన్నాడు. వెళ్ళేటప్పుడు మేజోళ్ళాయన, ఈ రిజిస్టరు ఆపకండి, మిమ్మల్ని మా స్వచ్ఛంద పరిశీలకుడిగా నమోదు చేస్తాను అన్నాడు. గద్ద మీద ఫిర్యాదు చేసినవాణ్ణి గద్దకు గుమాస్తాగా వేశారు. ఆ పూట నేను అన్నం తినలేదు. (టిఫిను తిన్నాను.) మిగిలిన పుంజులన్నీ నెలలోపు పిల్లలు. కొన్నది చెల్లదు. ఏడాదికి పైగా మోస్తున్న మొక్కు నా కోపం వల్ల కొలువుకు ఒక రోజు ముందు తప్పిపోయింది. గుమ్మడికాయ కొడదామని అత్త అంటే అవ్వ, అయికోనా, అంది. ఫనకలోలో దానికి కుదరదని అర్థం.

మర్నాడు, ఆదివారం, ఏడింటికల్లా అవ్వ స్నానం చేసి ఉత్త చేతులతో ఏటి ఒడ్డున ఉన్న గంగమ్మ గుడికి బయలుదేరబోతుంటే ఇంటి ముందు ఒక పాత బండి ఆగింది. అందులోంచి జూలూ ఆయన దిగాడు. ఇస్త్రీ చొక్కా లేదు, పాత స్వెట్టరు. చేతిలో అట్టపెట్టె, పెట్టెకు గాలి కోసం కన్నాలు. లోపల ఎర్రటి పుంజు. మా ఇంట్లోనూ గతించిన పెద్దలకు మాటిచ్చింది ఇవ్వకపోతే ఇల్లు స్థిమితంగా ఉండదు, మా అమ్మ పంపింది అన్నాడు. ఆఫీసు పని మీద రాలేదని రెండుసార్లు చెప్పాడు. అవ్వ పెట్టెలోకి చూసి, పుంజును బయటికి తీసి, రెక్క కింద తడిమి, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది. మామ నాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. కొన్నదా? కాదు, అమ్మ పెంచింది. ఆ దినం నువ్వు ఓటెక్కడ వేశావు? ఏటి అవతలి స్కూల్లో, చీకటితో వెళ్ళాం, అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి లైనుతో పాటు జరుపుకుంటూ పోయాం. అంతా ఇంటికి తిరిగొచ్చారా? ఆయన ఖాళీ పెట్టె మూత మూస్తూ, ఆ రోజైతే అంతా తిరిగొచ్చాం అన్నాడు.

అవ్వ నడుములోంచి నిన్నటి పసుపు తాడు తీసి ఆ పుంజు కాలికి కట్టింది.

నేను ఊరుకోవచ్చు కదా. రాసుకున్నవాణ్ణి, మొక్కు మాటలు మాటకు మాట నా డైరీలో ఉన్నాయి. అవ్వా, మన ఇంట పుట్టింది ఇస్తానన్నావు, ఇది వేరే ఇంటిది కదా అన్నాను. మామ నా కాలు తొక్కాడు. అవ్వ ముడి బిగిస్తూ, తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"ఆ దినం ఇళ్ళెక్కడున్నాయ్ అబ్బాయ్. అంతా రోడ్డు మీదే కదా నిలబడినాం."

గుడి దగ్గర ఆయన చెప్పులు విడిచి మామ పక్కనే నిలబడ్డాడు. కొలువు అయ్యాక అవ్వ పెట్టిన కూరా అన్నం అరుగు మీద కూర్చుని తిన్నాడు, నాతో కలిసి. తర్వాత చొక్కా చేతులు మడుచుకుని, ఇసిపింగో నుంచి వల తెప్పించేది ఎప్పుడని మామను అడిగాడు. మరుసటి శనివారం తనే నిచ్చెన వేసుకుని దొడ్డి మీద కప్పాడు కూడా. దొంగ కోసం జైలు కట్టుకున్నాం చివరికి. దానికి నా అభ్యంతరం డైరీలో నమోదైంది.

ఈ వరండాలో ఆ రిజిస్టరు నా ముందుంది. అట్ట చివర్లు ఎలుకలు కొరికాయి. ఆదివారం నాటి చివరి వరస ఇలా ఉంది: ఆగస్టు 13. ఉదయం 9.20. నీలగిరి చెట్టు మీద, తూర్పు కొమ్మ. ఏమీ తీసుకోలేదు. సాక్షి, నేనొక్కణ్ణే. రిమార్కులు: తెల్ల రొమ్ము మీద ఎండ పడింది. (నేను నమస్కరించలేదు.)

గద్ద ఎవరి కోడినీ ముట్టని పూట, ఎవరూ అడగని ఆ బ్రాకెట్టు మాటలు అప్పటి నాలోని కుర్రవాడు అంత పట్టుదలగా ఎందుకు రాశాడా అని చూస్తూ కూర్చున్నాను. నా డైరీల్లో ఒక్క అబద్ధం లేదని ఇంటికొచ్చిన వాళ్ళతో చెప్పడం ఇక మానేయాలి.